పెన్సిల్ ఫైలు

సమన్లు వచ్చిన రోజు
హార్బరు వైపు నుంచి కొట్టుకొచ్చిన ఇనుప ధూళి
కిటికీ చువ్వల మీద ఎర్రగా పేరుకుని ఉంది.
అమీనా సంతకం పెట్టించుకుని,
మంచినీళ్లు అడిగి తాగి వెళ్లాడు.
"సదరు మైనరుకు సంబంధించిన
సమస్త రికార్డులతో హాజరు కావలెను."
సమస్త.
ఆ మాట దగ్గర నా వేలు ఆగిపోయింది.

మహారాణిపేటలో మేడ మీద గది నాది.
కింద ఎక్స్‌రే ల్యాబు.
వాళ్ల బొమ్మలు వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే చాలు,
విరిగిన ఎముక ఎవరికైనా విరిగినట్టే కనబడుతుంది.
నా కాగితాలు అలా కావు,
ఎవరు ఎత్తి పట్టుకుంటే
వాళ్లకి కావలసిన చోట విరుగుతాయి.

బీరువా తాళం ఉప్పుగాలికి తుప్పు పట్టి
కొబ్బరినూనె చుక్క వేస్తే గాని తిరగదు.
ఇన్నేళ్లూ ఆ తుప్పునే కాపలా అనుకున్నాను.

ఫైలు మీద పేరు ఉండదు, నలభై ఒకటి అని అంకె.
ఇక్కడా పేరు రాయను.
వాడికి తొమ్మిదేళ్లు.
మూడు మంగళవారాలు నోరు విప్పలేదు,
క్రేయాన్లు పొడుగు వరసన పేర్చి
మళ్లీ కలిపేసేవాడు.
నాలుగో మంగళవారం
"అన్నీ రాసేత్తారేటండి?" అన్నాడు.
రాస్తాను, మర్చిపోకుండా.
"ఎవులు సదువుతారు?"
నేనొక్కదాన్నే.
కాసేపు ఫ్యాను వైపు చూశాడు.
"అయితే పెన్సిల్‌తో రాయండి."

ఆ తర్వాత
గాజువాక నుంచి రెండు ఆటోలు మారి వాళ్లమ్మ వచ్చింది.
షిప్‌యార్డు నుంచి
వెల్డింగు నిప్పురవ్వలు చిల్లులు పెట్టిన చొక్కాతో వాళ్ల నాన్న, ఒక్కసారే.
ఇద్దరూ ఏదో అన్నారు, తల దించుకుని.
బరువు దించుకోవడానికి ఇక్కడ అన్న మాట
అక్కడ తూకం రాయి అవుతుంది.
ఈ గదిలో నిట్టూర్పు,
ఆ హాల్లో ఎగ్జిబిట్ బి-ఏడు.

రొంగలి వకీలు గారు ఫోన్ చేశారు:
"ఒక్క వాక్యం చాలు మేడం."
అరగంటకి అవతలి వకీలు, ఉమాబాల గారు:
"ఒక్క వాక్యం చాలండీ."
ఇద్దరిదీ అదే వాక్యమేమో,
చెరో కొసా పట్టుకుంటారేమో.

ఆ రాత్రి టేబుల్ మీద ఫైలు, పక్కన రబ్బరు.
రబ్బరు వాడిదే,
ఒక మూల కొరికి ఉంది.
ఎంతసేపు పడుతుంది?
కానీ తెల్ల కాగితం కూడా అబద్ధమాడుతుంది,
సీసం పోయినా నొక్కిన గాడి పోదు.
డాల్ఫిన్ కొండ మీది దీపం
గోడ తాకి పోయింది,
మళ్లీ వచ్చింది, పోయింది,
ఏదీ చదవకుండా.

నేనొక్కదాన్నే అన్నాను వాడితో.
ఎప్పుడో ఒకప్పుడు
ఇలాంటి కాగితం రావచ్చని
అప్పటికే తెలుసు నాకు.
ఆ ముక్క మాత్రం వాడికి చెప్పలేదు.
ఫైల్లో నేను రాయని వాక్యం అదొక్కటే.

లక్క కోసం ఊరంతా తిరిగాను.
కురుపాం మార్కెట్లో ఓ ముసలి కొట్టువాడు
"ఇంకా సీలెవరేత్తారమ్మా" అని
దుమ్ము దులిపి ఇచ్చాడు.
కవరుతో పాటు ఒక విన్నపం:
చదవక తప్పదంటే మీరొక్కరే,
మీ గదిలో, తలుపు వేసుకుని చదవండి.
అక్కర్లేదనిపిస్తే నాకే తిరిగివ్వండి.
దీనికి సెక్షన్లు వకీళ్లకి తెలుసు,
నాకు తెలిసింది ఆ మంగళవారం ఒకటే.

జడ్జి గారు కవరు అటూ ఇటూ తిప్పి చూశారు.
రెండు బల్లల దగ్గరా మెడలు సాగాయి.
ఆవిడ విప్పలేదు.
"పదిహేడో తారీకు."

వరండాలో బెంచీ మీద వాడు,
చేతిలో మురీ మిక్చరు పొట్లం.
అటు చివర అమ్మ, ఇటు చివర నాన్న,
మధ్యలో ఎవరివో ప్లీడరు కట్టలు.
నన్ను చూసి లేచాడు.
"పెన్సిల్‌తోనేనా?"
ఊఁ అన్నాను.
నమ్మాడో లేదో తెలీదు,
పొట్లంలో తల దూర్చి
వేరుశనగ గింజలు వెతుక్కుంటున్నాడు.