లేని హెచ్

బర్స్లెమ్ కొండవాలులో, ఓట్‌కేకులు పోసే అంగడి పక్కన
నా రిపేరు కొట్టు.
పొద్దున్నే పెనం వాసన గోడ దాటి వస్తుంది,
మన అట్టుకి దూరపు చుట్టం.

డెరెక్ క్లూలో దాన్ని రెండు చేతుల్లో మోసుకొచ్చాడు,
జ్వరం పిల్లని ఆసుపత్రికి తెచ్చినట్టు.
మూతపడ్డ పింగాణీ కార్ఖానా సామాన్ల వేలంలో
పదిహేను పౌన్లకి పాడుకున్న కంప్యూటరు.
"శనివారం పావురాల పందెం, డక్," అన్నాడు.
(ఈ ఊళ్ళో ఎవర్నైనా బాతనే పిలుస్తారు.
మొదటి ఏడు కోపం వచ్చేది.)
"టైములు లెక్కకట్టే సాఫ్ట్‌వేరు. ఎక్కనంటోంది."

ఎక్కించి చూశాను.
నీలం గీత సగం దాకా పాకి ఆగింది.
ఎర్ర గుండ్రంలో తెల్ల ఇంటూ మార్కు,
పదమూడు వందల ఇరవై ఏడో నంబరు తప్పు:
హెచ్ డ్రైవు చెల్లదు.

దానికి కావలసింది సి.
సి ఉంది, సగం పైగా ఖాళీగా,
తలుపులు బార్లా తీసుకుని.
అయినా లోపలికి అడుగు పెట్టేముందు
హెచ్‌తో ఒక మాట చెప్పి వస్తానంటుంది.

"ఏ డ్రైవూ?"
"హెచ్."
"ఓ, ఎయిచ్చా!"
మనం హెచ్ అంటాం, వీళ్ళు ఎయిచ్ అంటారు.
తన పేరులోనే తాను లేని అక్షరం.
ఇక్కడి నోళ్ళలో అదెక్కడా నిలవదు.
హాన్లీ ఆన్లీ, హౌస్ ఔస్,
హార్ట్ వట్టి ఆర్ట్.
ఊరంతా కలిసి ఎప్పుడో మింగేసిన దాన్ని
ఈ ఒక్క పెట్టె
ఇంకా వెతుక్కుంటోంది.

రిజిస్ట్రీ తెరిచాను. కరణంగారి దస్త్రం లాంటిది,
ఎవరి గట్టు ఎక్కడో అంతా అందులోనే,
గట్లు పోయినా గీతలు పోవు.
కిందికి, ఇంకా కిందికి వెళ్తే
పత్రాలు దాచే చోటు అన్న పేరుకెదురుగా
హెచ్. దాని తర్వాత, బెరిల్.

పైకే చదివినట్టున్నాను.
డెరెక్ టోపీ తీశాడు.
"జీతాల గదిలో ఉండేది.
గురువారం కవర్లు ఆమే ఇచ్చేది.
ఓసారి నా కవర్లో రెండు పౌన్లు ఎక్కువొచ్చాయి.
నేను చెప్పలేదు.
ఆమెకీ తెలుసనుకుంటా."

ఆమె ఎక్కడుందని నేనడగలేదు.
"గూడు మార్చినా పావురం పాత గూటికే పోతుంది," అన్నాడు,
"కప్పు లేకపోయినా. అదో తెలివితక్కువ పిట్ట."

ఒక దొంగదారి ఉంది.
నల్ల కిటికీలో ఒక్క వరస కొడితే
సిలో ఓ మూలకి హెచ్ అని పేరు పడుతుంది.
కొట్టాను.
తద్దినం నాడు పోయినవాళ్ళ బదులు
విస్తరి ముందు కూర్చున్న భోక్తలా
హెచ్ వచ్చి కూర్చుంది.
సాఫ్ట్‌వేరు నమ్మింది.
నీలం గీత చివరిదాకా పాకింది.

కానీ ఒకసారి ఆపి పెడితే
భోక్త చెయ్యి కడుక్కుని వెళ్ళిపోతాడు.
దస్త్రం దిద్దక తప్పదు.
హెచ్ చెరిపి సి రాశాను.
బెరిల్ దగ్గర వేలు ఆగింది.

"అది ఉండనివ్వచ్చా?" అన్నాడు.
"ఉండొచ్చు. దానికి పేరుతో పనిలేదు,
దారి ఉంటే చాలు."
సిలో బెరిల్ పేరుతో ఒక ఫోల్డరు తెరిచాను,
ఖాళీది.
పందెం టైములన్నీ ఇక అందులోకే చేరతాయి,
ఆలస్యంగా వచ్చినవి కూడా.

ఆపి పెట్టాను. ఇద్దరం నల్లతెర వంక చూశాం.
వచ్చింది. హెచ్ గురించి అడగలేదు.

ఇరవై పౌన్లన్నాను.
అతను వెళ్ళాక గల్లాపెట్టెలో లెక్కపెడితే ఇరవై రెండు.
వెనక్కి పిలుద్దామని గుమ్మం దాకా వెళ్ళాను.
వానలో, పెట్టె మీద కోటు కప్పి,
దిగువకి నడుస్తున్నాడు డెరెక్.
నోరు గుండ్రంగా తెరిచి
ఏదో అక్షరం పలికి చూస్తున్నాడు, మళ్ళీ మళ్ళీ.
ఆవిరి వస్తోంది గానీ
హెచ్ రావడం లేదు.