లేని కాలి లెక్క

గురువారం రాత్రి ఏడున్నరకి
హిమజ మేడమ్ ఫోను.
మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే:
"దండాసి గారూ, ఇవాళ సున్నా నుంచి పదిలో ఎంత?"

ఎంతని చెప్పను?
మా అమ్మ నేర్పిన మాటల్లో దీనికి అంకెల్లేవు.
పోటుంది, సలుపుంది, తీపుంది, పీకుడుంది,
చీమల బారు పాకినట్టు ఒకటి,
మిరపకాయ నూరిన చేత్తో కన్ను తాకినట్టు ఒకటి,
పిక్కలో, మడమలో, బొటనవేలి గోరు మొదట్లో,
మోకాలే లేని చోట.

"ఆరు," అంటాను.
ఆవిడ రాసుకుంటుంది.
కలం గీసిన చప్పుడు విశాఖపట్నం నుంచి
పర్లాకిమిడి దాకా వినిపిస్తుంది.

కాలు పోయింది పాతపట్నం అవతల, లారీ కింద.
అంటే కాలు ఆంధ్రాలో, నేను ఒడిశాలో,
మధ్యలో మహేంద్రతనయ.
నా ఫోనూ అంతే, మంచం మీంచి కదలకుండానే
రోజుకి నాలుగుసార్లు నది దాటొస్తుంది.
ఒడిశాకి స్వాగతం అంటుంది,
అన్నం తినేలోగా ఆంధ్రాకి స్వాగతం అంటుంది.
పోయిందనుకున్న కాలు కూడా
టికెట్టు లేకుండా వచ్చి కూర్చుంటుంది.

సుకాంతి మొదట్లో టార్చి వేసి వెతికేది.
"కేఉఁఠి బింధుఛి?"
ఎక్కడ పోటో చూపించమని.
నేను గాల్లో వేలు పెట్టేవాణ్ణి.
ఓసారి ఆ గాలికే కొబ్బరినూనె రాయబోయి
చెయ్యి ఆపుకుంది. ఇద్దరం నవ్వాం.
తర్వాత వంటింట్లో తనొక్కతే ఏడ్చింది,
నాకు తెలీదనుకుంది.

పని మాత్రం ఆగదు.
గేదె కొమ్ము పని నాది.
సెగ మీద తిప్పుతుంటే జుట్టు కాలిన వాసన,
మెత్తబడ్డప్పుడే వంచాలి,
కొంగ మెడైనా రొయ్య మీసమైనా.
చల్లారాక వంచితే పగుల్తుంది.
ముక్కైతేనే కూలి.
అందుకని పళ్ళు బిగించి మధ్యాహ్నం దాకా ఆకురాయి తొయ్యడం,
సాయంత్రానికి కూలబడ్డం,
మర్నాడు నాగా.
పదకొండేళ్ళు నాకు తెలిసిన వైద్యం ఇదే.

"నొప్పి వచ్చాక ఆగడం కాదండీ,
రాకముందే ఆగాలి," అంది మేడమ్.
ఇరవై నిమిషాలు పని, ఐదు నిమిషాలు ఖాళీ,
ఫోనులో గంట పెట్టుకోమంది.
మోగినప్పుడల్లా మా మేస్త్రి త్రినాథ్ సాహు
"గుడిలో పూజారివేటిరా?" అనేవాడు.
ఓ రోజు చెప్పేశాను:
"సల్లారినాక వంచితే పగుల్తాది గదా బాబూ. నానూ అంతే."
చేతిలో కొమ్ము వంక చూశాడు, నా వంక చూశాడు.
ఏమీ అనలేదు. కూలీ పెంచనూ లేదు.
నెలాఖరుకి నాగాలు రెండు తగ్గి
కొంగలు మూడు ఎక్కువొచ్చాయి.

అద్దం సంగతి చెప్పాలి.
బీరువా తలుపు అద్దాన్ని
ఫోనులోనే ఊడదీయించింది మేడమ్.
తొడల మధ్య నిలబెట్టి
ఉన్న కాలిని అందులో చూడమంది.
చూస్తే, రెండు కాళ్ళు.
"వేళ్ళు మెల్లగా విప్పండి."
విప్పాను.
లారీ కింద ముడుచుకున్నవి
ఇన్నాళ్ళూ ముడుచుకునే ఉన్న ఆ వేళ్ళు
ఒక్కొక్కటే విచ్చుకున్నాయి.
సుకాంతి గుమ్మంలో గరిటెతో నిలబడిపోయింది.
అప్పుడే టవరు నది దాటింది.
"దండాసి గా... ఇప్పు... ఎం..."
అవతల ఎవరూ లేకపోయినా
చాలాసేపు వేళ్ళు ఆడిస్తూనే ఉన్నాను.

అంతటితో తగ్గిపోయిందని కాదు.
గోడ మీద ఒరియా క్యాలెండరు.
రోజూ గడిలో నా అంకె నేను రాస్తాను,
నా మొహం చూసి తోచిన అంకె
దాని కింద తను రాస్తుంది.
రెండూ ఎప్పుడూ కలవవు.
నాది ఒకటో రెండో తక్కువే ఉంటుంది,
మగాణ్ణి కదా.

నిన్న తెల్లవార్లూ వాన.
ఎనిమిది, అని రాశాను.
తనూ ఎనిమిదే రాసింది.
కలిసినందుకు ఏం చెయ్యాలో తోచనట్టు
కాసేపు ఆ గడినే చూసి,
వెళ్ళి అద్దం తెచ్చింది.
ఈసారి తనే పట్టుకుంది.