ఉద్యోగి అనగా

ఒటావాలో, మా పదకొండో అంతస్తు కిటికీకి
జనవరిలో నాలుగున్నరకే చీకటి పడుతుంది.
నది మీద మంచు పలక,
దాని మీద ఎవరో మరిచిపోయిన ఎర్ర మఫ్లరు.
లోపల, ఒకే కప్పు కింద
తొమ్మిది వేరుకుంపట్లు.

తయారీ వాళ్లదొక సర్వే. టోకు వ్యాపారం వాళ్లదొకటి.
కలపకి వేరే, రవాణాకి వేరే.
ఎవరి జాబితా వారిది, ఎవరి కోడ్ వారిది,
ఎవరి బీరువా తాళంచెవి వారి మెడలో.
ఒకే మిల్లు గడప దగ్గరికి తొమ్మిదిసార్లు వెళ్లి
"మీ దగ్గర ఎంతమంది పనిచేస్తున్నారు?" అని అడిగాం.
ప్రతిసారీ వేరే అంకె చెప్పారు.
ప్రతిసారీ నిజమే చెప్పారు.

తయారీ వాళ్లు పదిహేనో తారీకున తలలు లెక్కపెడతారు మరి,
టోకు వాళ్లు నెలాఖరు జీతం రోజున,
రవాణా వాళ్లు లారీలో కూర్చున్నవాణ్ణి మాత్రమే మనిషంటారు.

ఈ కాకిలెక్కలు చాలు, అన్నారు పైవాళ్లు.
ఇకనుంచి ఒకే ఫారం, ఒకే రిజిస్టరు,
ఒక్కో మాటకి ఒక్కటే అర్థం.
(కాకుల మీద నింద ఎందుకో నాకు తెలీదు.
మా పార్కింగులో కాకులకి
ఎవరి డబ్బాలో రొట్టె మిగిలిందో
దశాంశాలతో సహా తెలుసు.)

మాటలు తలా ఒకటి పంచుకున్నాం.
గ్వెండా ప్రిచర్డ్‌కి "అమ్మకం" వచ్చింది, అదృష్టవంతురాలు.
నాకు వచ్చింది "ఉద్యోగి".

పాత కాగితాలు తిరగేస్తుంటే
మిరమిషి ఒడ్డున ఒక రంపపు మిల్లు,
యజమాని ఆల్ఫే కోర్మియే.
"ఇతర వివరాలు" గడిలో నీలం ఇంకుతో భార్య ఓడిల్:
"పొద్దున అయిదింటికి బాయిలరు నేనే వెలిగిస్తాను.
పద్దులు రాస్తాను. వేలు తెగినవాణ్ణి
ఆసుపత్రికి నేనే తీసుకెళ్తాను. జీతం లేదు.
నన్ను ఏ గడిలో వెయ్యాలి?"

ఇరవై రెండేళ్లుగా
కలప సర్వేలో ఆమె ఉంది,
తయారీ సర్వేలో లేదు.
తేదీల వారీగా చూస్తే
మంగళవారం పుట్టి గురువారం పోతూ ఉంది.

మీటింగు మధ్యాహ్నం రెండింటికి. కాఫీ చల్లారింది.
ఆమెని ఉంచితే
పన్ను శాఖ రికార్డులతో జత కుదరదు, అందులో ఆమె లేదు.
తీసేస్తే పాత వరుసకి కుట్టు ఊడుతుంది.
కానీ ఆ రికార్డులు వాడితే
ఏడాదికి ముప్పై గంటలు ఆమెకే మిగులుతాయి,
అది కూడా నిజం. నేనే లెక్కగట్టాను.
"ఉద్యోగి అనగా జీతపు చీటీ పొందిన వ్యక్తి."
చేతులు లేచాయి. నాది కూడా లేచింది.

ఆ త్రైమాసికం గ్రాఫులో
గీత ఒక మెట్టు దిగింది.
ఎవరి పనీ పోలేదు.
కింద చీమ తలకాయంత అక్షరాల్లో
"నిర్వచనం మారింది" అని రాసింది నేనే.

ఏప్రిల్‌లో సహాయ కేంద్రం నుంచి కాల్ మళ్లించారు.
"ఒకటే ఫారం వచ్చింది. పదకొండు నిమిషాల్లో అయిపోయింది.
మిగతా ఎనిమిదీ దారిలో తప్పిపోయాయా?"
లేదమ్మా, అంతే, అన్నాను.
"మంచిదే. రాత్రుళ్లు నిద్ర మిగిలింది."
వెనకాల రంపం పళ్లు కొరుకుతోంది.
"ఇంతకీ నా గడి సంగతి ఏం తేల్చారు?"

చదివి వినిపించాను, ఆ ఒక్క వాక్యం.
అంత చిన్న వాక్యం అంతసేపు చదవచ్చని
నాకు అప్పుడే తెలిసింది.

ఆమె నవ్వింది, కోపంగా కాదు.
"సరే బాబూ, మరి ఈ ఫారం నింపింది
ఎవరని రాసుకున్నారు?"

స్క్రీన్ మీద వెతుకుతున్నాను.
అక్కడ రంపం ఆగింది. ఎవరో కేకేశారు.
ఉండండి, పనుంది, అని
ఫోను పెట్టేసింది.