బోలు చప్పుడు

బాపు పేరు ఓదెలు.
గోదావరిఖనిల, బాయి లోపట సపోర్ట్‌మన్.
మందికంటె ముందు పోయి
తలమీది కప్పును రాడ్‌తో కొట్టి వినుడు ఆయన పని.
గట్టిదైతే ఖంగున పలుకుతదంట.
పట్టు విడిచినదైతే
తడిసిన డప్పు లెక్క.

నైట్ షిఫ్ట్ చేసొచ్చి పండుకున్నడంటే
క్వార్టరంత మునివేళ్ల మీద నడిచేది.
అమ్మ పోపుగింజల మీద మూత అదిమిపట్టేది.
తమ్ముడు కైలాసం
ఏడుపు మింగుడు నేర్చుకున్నది
ఆ పగటిపూటలల్లనే.

పొద్దుగూకి లేచినంక
దొరికినదల్ల కొట్టి చూసేటోడు.
అంగట్ల కూరాడు కుండ,
పుచ్చకాయ, కొత్తగ పెట్టిన తలుపు,
నా పదో తరగతి మెమో సుత.
చూపుడువేలితో టక్కుమనిపించి
"పలుకుతున్నది" అని నవ్వేటోడు.

బడి నుంచి మొకం వేలాడేసుకొని వచ్చి
"ఏం గాలే" అంటే
ఏమీ అనకపోయేటోడు.
బూట్ల లేసులు కట్టుకుంట ఆగేటోడు.
ఆగి, ఆగి,
"బోలుగ పలికింది బిడ్డా, మళ్ల చెప్పు."
చెప్పేదాన్ని.

అన్నీ ఆయన చెవిన పడ్డయని కాదు.
అమ్మ గుండెల ఏదో వదులైతున్నదని
పక్కన పండుకున్నోనికి
ఇరవై రెండేండ్లు వినపడలే.
ఆ మాట ఆయన తియ్యలే.
మేమూ తియ్యలే.

హన్మకొండల కిరాయిల్లు చూడబోయి
గోడలన్ని కొట్టుకుంట నేను తిరుగుతుంటె
ఇంటాయన "మేస్త్రీ బిడ్డవా?" అన్నడు.
బాత్రూం పక్క గోడ బోలు.
అయినా దిగినం,
మా జీతానికి దొరికింది అదే.

ఆఖరుకు ఏరియా దవాఖానల
పడుచు డాక్టరొకాయన బాపును కూసోబెట్టి
వీపు మీద వేలు ఆనించి
ఆ వేలి మీద ఇంకో వేలితో కొట్టిండు.
ఒకపక్క.
మల్లొకపక్క.
బాపు కండ్లు మూసుకొని
ఆయనతోపాటు తనూ విన్నడు.
"కప్పు ఏమంటున్నది సారూ?"
డాక్టరుకు సమజు కాలే.
బాపుకు అయింది.

కైలాసం మంచిర్యాల నుంచి ఫోన్ చేస్తడు,
ఆదివారాలు, రాత్రి తొమ్మిది దాటినంక.
"ఏం లేదక్కా, ఊకెనే చేసిన."
నేను ఫోన్ పెట్టెయ్య.
స్టవ్ బందు చేస్త,
కుర్చీ గుంజుకొని కూసుంట,
ఆగుత.