కృత్తికలోనే

ఇంకా కృత్తిక కార్తె నడుస్తనే ఉన్నది.
పొద్దున పదింటికే డాబా
కాలు పెట్టనిస్తలేదు.
"ఎండలల్ల ఎవలన్న ఇత్తులు పెడుతరా?
మిరుగు రానియ్యి, మబ్బు మొకం చూడనియ్యి" అని
కింది వాటా సాంబలక్ష్మి నవ్వింది.

నేనాగలే.

మగ్గం మూలకు మిగిలినయి
పదకొండు రంగు డబ్బాలు.
నీలిది, ముదురెరుపుది, పసుపుది,
చీటీ చినిగి పేరు తెలువనిదొకటి.
మూడుసార్లు కడిగిన.
నాలుగోసారి గూడ నీళ్ళు
కొంచెం నీలంగనే పోయినయి.
మేకు కాల్చి అడుగున తూట్లు పొడిచిన.

పైడిపల్లి దిక్కు నుంచి రెండు బస్తాల నల్లమట్టి
ఆటోల తెచ్చిన.
"మట్టికి గూడ కిరాయేనా?" అంటే
"మట్టికి కాదక్కా, బరువుకు" అన్నడు.
నిజమే. మెట్లెక్కిచ్చేసరికి
నా నడుముకు తెలిసొచ్చింది.

కాకర గింజల ముక్కు కత్తెరతో కొంచెం చిదిమి
తడిగుడ్డల మూట కట్టి
మూడు రాత్రులు పొయ్యి గట్టు కింద దాచిన.
బీర, సొర, బెండ, గోంగూర.
చిక్కుడు దగ్గర చెయ్యి ఆగింది.

చిక్కుడు చలికి కాస్తది.
మా కిరాయి కాయితం పదకొండు నెలలది,
అండ్ల ఆరు అయిపోయినయి.
సదానందం సారు అప్పుడే ఒకసారి పైకొచ్చి
చెప్పు కొసతోటి స్లాబును తట్టి చూసిండు.
"కారితే పూచీ నీదే."
చలికాలం ఎవలు తెంపుకుంటరో ఈ కాయలు
అనుకుంటనే
నాలుగు గింజలు పెట్టిన.

చారలు కలువలేదని
సొసైటోళ్ళు వాపసు పంపిన జంపఖానా ఒకటి
రెండేండ్ల సంది మంచం కిందనే ఉన్నది.
దాన్ని తీసి నాలుగు కట్టెల మీద పరిచిన.
నీడకు చారలు కలువకున్నా నడుస్తది.

అయిదో నాడు ఏం లేదు.
ఏడో నాడు ఉడుత.
తొమ్మిదో నాడు ఓపిక పట్టలేక
సొర డబ్బాల వేలు పెట్టి తవ్విన.
గింజ నోరు తెరిచి
తెల్లటి కాలొకటి సాపుకొని ఉన్నది.
నా వేలు తగిలి
ఆ కాలు విరిగింది.
మళ్ళ మట్టి కప్పిన.
ఇంట్ల ఎవలకు చెప్పలే.

రోహిణి సగమయినంక ఒకనాటి రాత్రి
గాలిదుమారం లేచింది.
కరెంటు పోయింది. జంపఖానా ఎగిరి
పక్కింటి డిష్షుకు చుట్టుకున్నది.
వానంటే వాన కాదు,
తువ్వాల పిండినంత.
అయినా తెల్లారి చూస్తే
బీర రెండు, బెండ మూడు,
కాకర ఒకటి టోపీ తియ్యకుండనే లేచి నిలబడ్డది.
సొర రాలే.

పేరు తెలువని డబ్బాల మాత్రం
నేను ఏమీ పెట్టనేలే, మట్టి చాలక సగమే నింపిన,
దాంట్ల గుంపుగ, సందు లేకుండ,
సన్నటి మొలకలు.

మీది రూముల కొంరెల్లి
ఏనుమాముల యార్డుల హమాలి.
దినాం రాత్రి వచ్చి గోడ పక్క నిలబడి
తువ్వాల దులుపుతడు.
ఆ దులుపుడుకు మేమంత దగ్గుతం,
సాంబలక్ష్మి తిడుతది.
పిలిచి చూపిచ్చిన.
గొంతు కూసున్నడు. ముట్టుకోలే.

"ఇదా మిర్చి?" అన్నడు.
"పన్నెండేండ్ల సంది వీపు మీద మోస్తున్న,
ఇంత చిన్నగున్నప్పుడు
ఎన్నడు చూడలే."

యార్డుకు ఎండకాలం సెలవులిచ్చిన్రట.
రేపు పొద్దుగాల బస్సుకు ఊరికి పోతడట.
మెట్లు దిగుకుంట ఒకసారి ఆగి
"ఎర్రబడేదాంక ఎన్ని నెలలక్కా?" అని అడిగిండు.
వేళ్ళ మీద లెక్కబెట్టి చెప్పిన.
నా కాయితం లెక్క చెప్పలే.

మిరుగుకు ఇంక మూడు దినాలున్నయి.
సాంబలక్ష్మి ఊకెనే పైకొచ్చింది,
బట్టలు ఆరినయా అని.
ఆమె బట్టలు పొద్దున్నే తీసుకపోయింది.
బీర దిక్కే చూస్తున్నది.
ఒక మొలకను మట్టితో సహా
టీ గిలాసల పెట్టి ఇచ్చిన.

పడుగు తుంటలు ముడేసి
గోడ మేకు దాంక దారాలు కడుతున్న.
ఇయ్యాళ నల్లా వచ్చే రోజు కాదు.
బిందెల వంగి చూసిన:
అన్నానికి, మొకాలకు,
పదకొండు డబ్బాలకు.
సొర డబ్బాకు గూడ
ఓ గిలాసెడు పోసిన.