కాటా మీద బొటనవేలు

బతూమీలో మూడు రోజులుగా వాన.
సముద్రం వైపు కిటికీలున్న హాల్లో
మేం ముగ్గురం, తీర్పరులం,
ఆరని కోట్లు కుర్చీల వీపులకు తగిలించి
సినిమాలు చూస్తున్నాం.

మొదటి దాంట్లో ఒక తమ్ముడు
కదల్లేని అన్నకు గడ్డం గీస్తాడు.
పదకొండు నిమిషాలు. ఒక్క మాట లేదు.
చెవి వెనక మిగిలిన నురగను
చిటికెన వేలితో తీసి
తన చొక్కాకే తుడుచుకుంటాడు.

కరపత్రంలో దర్శకత్వం: త్సియూరి.
కింద ఒకే వాక్యం:
కుతైసీ ఆసుపత్రిలో తొమ్మిదేళ్లు
శవాలకు స్నానం చేయించిన అనుభవం.

"అదీ సంగతి," అన్నాడు గురాం
కళ్లద్దాలు తుడుచుకుంటూ.
"లేకపోతే ఆ చేతులకి అంత ఓర్పు ఎక్కణ్ణుంచి వస్తుంది?"
నేను నోటుబుక్కులో రాసుకున్నాను:
చావుని కడిగిన చెయ్యే
బతికున్న చెంపని ఇంత మెల్లగా ముట్టుకుంటుంది.
వాక్యం నాకే ముద్దొచ్చింది.
కింద గీత కూడా గీశాను.

రెండోది ఓతియా సినిమా.
మూతపడ్డ తేయాకు ఫ్యాక్టరీ,
తలుపుల్లేని గదుల్లో గొర్రెలు,
కిటికీలోంచి పొద్దుటి ఎండ.
పూర్వానుభవం: షాంపూ ప్రకటనలు, ఏడేళ్లు.

"గొర్రెలు కూడా తలంటు పోసుకొచ్చినట్టున్నాయి,"
అంది మక్వాలా.
పగలబడి నవ్వాం.
సరుకేదో చెప్పట్లేదు గానీ
బేరం మాత్రం సాగుతోంది, అని రాశాను.
దీనికింద గీత గియ్యలేదు. అంత శ్రమెందుకని.

నాలుగో రోజు పొద్దున్న
ఆఫీసు పిల్ల నూత్సా
బూట్లలో నీళ్లు చప్పుడు చేస్తుండగా పరిగెత్తుకొచ్చింది.
అచ్చులో తప్పు దొర్లిందట.
ఆ రెండు వాక్యాలూ
ఒకరి కింద ఉండాల్సింది ఇంకొకరి కింద పడ్డాయట.
షాంపూ త్సియూరిది.
శవాలు ఓతియావి.

మా భాషలో ఆమెకీ అతనికీ ఒకటే మాట,
వాక్యం ఎవరి కిందైనా అతుక్కుపోతుంది.

గురాం మళ్లీ కళ్లద్దాలు తీశాడు.
"నాకప్పుడే అనిపించింది సుమా,
ఆ ఎండ... కడిగి పడుకోబెట్టినట్టు లేదూ?
ఇక ఆ గడ్డం నురగంటావా,
నురగ గురించి ఆవిడకి కాక ఎవరికి తెలుస్తుంది!"
మక్వాలా బల్లకేసి చూస్తూ ఉండిపోయింది.
నేను నవ్వబోయి ఆగాను.
నాకూ సరిగ్గా అదే తట్టింది మరి.

నా పేరు కింద ఎప్పుడూ ఇలా వేస్తారు:
సినీ విమర్శకురాలు, తిబిలిసీ.
పోతీ రేవులో చేపల కాటా దగ్గర
నేను నిలబడ్డ నాలుగు చలికాలాలు
ఏ కరపత్రంలోనూ లేవు.
యజమాని నేర్పిన మొదటి విద్య,
పళ్లెం అంచున బొటనవేలు ఆనించడం.
గట్టిగా కాదు. ఇరవై గ్రాములు.
కొనేవాళ్లు ముల్లు వైపు చూసేవాళ్లు,
వేలు వైపు చూసేవి చేపలే.

మధ్యాహ్నం ఒక్కదాన్నే
ప్రొజెక్టర్ గదిలోకి వెళ్లి
మొదటి సినిమా మళ్లీ వెయ్యమన్నాను.
కుర్చీ కాలొకటి ఎగుడుగా ఉంటే
కరపత్రం నాలుగు మడతలు పెట్టి దాని కింద తోశాను.
ఈసారి ఎవరూ ఉండకూడదు,
శవాలొద్దు, షాంపూలొద్దు,
ఉత్త గడ్డం, ఉత్త కత్తి.

చాలాసేపు బాగానే చూశాను.
వాన చప్పుడు కూడా వినపడనంత బాగా.

ఎనిమిదో నిమిషంలో
తమ్ముడు అన్న చెంప సాగదీసి పట్టుకున్నాడు.
దవడ ఎముక మీద అతని బొటనవేలు.

ఎన్ని గ్రాములు నొక్కుతోందా అని
లెక్కేస్తూ కూర్చున్నాను.