వాలు

ఈ ఊళ్ళె గవర్నరును వాలీ అంటరు.
మొదటి దినం విన్నప్పుడు రాజలింగు నవ్విండు:
ఏ దిక్కు వాలినోడో అని.
మాకు వాలంటే ఇరవై మూడు డిగ్రీలు.
పలకను అంతకెక్కువ లేపితే గాలి గుంజుతది,
తక్కువ లేపితే దుమ్ము మంచమేసుకుంటది.

నేను దుమ్ము తుడిచేటోన్ని.
తెల్లారకముందే, మంచుతడి ఆరకముందే,
పొడుగు కట్టె చీపురుతోని
నాలుగు వందల అద్దాలకు మొకం కడుగుత.
పొద్దెక్కినంక ముట్టుకుంటే బొబ్బలే.
సిరిసిల్లల మగ్గం ముంగట కూసున్నప్పుడు
పొద్దంటే రేకుల సందుకెళ్ళి పడే రూపాయి బిళ్ళ.
ఒమాన్‌ల పొద్దంటే నెల జీతం.

గంత ఎండతోని ఏం జేస్తరని తమ్ముడు ఫోన్ల అడుగుతడు.
ఖర్జూరం తోటల మోటరు
ఎనిమిదింటికి దగ్గుకుంట లేస్తది,
అసరు బాంగు ఇనంగనే పంటది.
ఒంటెలున్నయి జాగ్రత్త అనే బోర్డు
ఎడారి దారిల రాత్రంత మేల్కొని ఉంటది.
క్యాంపు మీద నల్లపైపు చుట్టలు చుట్టినం,
చలికాలం తానానికి.
ఎండాకాలం అదెందుకురా,
నల్లా తిప్పితే చాయ్ పెట్టుకోవచ్చు.

ఇగ షంసా ముసలమ్మ.
షంసా అంటే పొద్దట, అరబ్బీల పొద్దు ఆడదట.
మేడ మీద నిమ్మకాయలు ఎండవెడ్తది,
నల్లగై, ఊపితే గలగలమనేదాక.

వాలీకి ఇవి కండ్లవడలె.
రాజధాని నుంచి పెద్దలొస్తున్నరు,
మేడల మీద ఏదీ ఆరెయ్యొద్దు అని హుకుం.
ఖల్ఫాన్ తోటల పన్నెండు పలకలు ఊడదీపిచ్చి
తన దివాణం ముంగట ఫౌంటెనుకు పెట్టిచ్చిండు.
పెట్టింది మేమే.
నట్లు తిప్పినయి ఈ చేతులే.

ఆ ఎండాకాలం నలభై చెట్లు తలలు వేలేసినయి.
దివాణం కాడ నీళ్ళు
నిలువెత్తు లేచి, ఎవ్వరి నోట్లె పడకుంట
లేచిన కాడనే పడేటియి.
ఊరోళ్ళు మమ్ముల తిట్టలె.
సలాం మానేసిండ్రు, గంతే.

ఒక్కసారి చీకటితోనే ఒక్కడే వచ్చిండు వాలీ.
తెల్ల దిష్దాషా, చెప్పులల్ల ఇసుక.
నా చీపురు దిక్కు చూసి హిందీల అడిగిండు:
రోజూ తుడుస్తవు గద, దీంట్ల ఏం కనవడ్తది?
ఆకాశం సాబ్, అన్న.
వంగిండు. చూసుకున్నడు. చానసేపు.
ఏం కనవడ్డదో చెప్పలె.
గంతల మంచు ఆరిపాయె,
ఆ వరుస మల్ల బకెట్లతోని కడగాల్సొచ్చె.
జాలి పడాల్నంటవా?
ఆలిశమైందని మేస్త్రి సగం పూట కోసిండు.
నాకు గదే యాదికున్నది.

రెండో ఏడు బదిలీ అయింది.
ఒక్క దండ లేదు, కాఫీ గిన్నె ఒక్కటి లేవలె.
మూడు కార్లు దుమ్ము లేపుకుంట పోయినయి.
ఆ దుమ్ము ఎటు పోతది,
వచ్చి నా పలకల మీదనే కూసున్నది.

ఆఫీసు గోడ మీది ఫోటో దించిండ్రు.
కాయితం ఏమైందో ఎరుకలేదు.
ఫ్రేము అద్దం షంసా అడిగి తెచ్చుకున్నది,
మంచి మందం, రెండు మూరల పొడుగు.
చెక్కపెట్టెకు లోపల నల్లరంగు పూసి
బాయిల ఉప్పునీళ్ళు పోసి
అద్దాన్ని ఏటవాలుగ మూతవెట్టినం.
ఎండకు నీళ్ళు ఆవిరై అద్దానికి అంటుకొని
చెమటలెక్క జారి జారి
కింది గిన్నెల పడ్తయి, ఉప్పు లేకుంట.
దినానికి లీటరున్నర.
ముసలమ్మ బీపీ గోలీ ఆ నీళ్ళతోనే మింగుతది.

రాజలింగు కొలత బిళ్ళ పెట్టి చూసిండు.
ఇరవై మూడు.
ఇగో, ఇప్పుడు సరిగ్గ వాలిండు, అన్నడు.

షంసాకు తెలుగు రాదు.
మేము నవ్వుతుంటే తనూ నవ్వి
మోకాళ్ళు పట్టుకొని మెట్లెక్కింది,
నిమ్మకాయలు ఇంకో పక్కకు తిప్పనీకి.